రెండు దారాల నడుమ

దసరా సెలవుల్లో జహీరాబాదు మాస్టర్లందరూ ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయి కాళ్ళు చాపుకుని పడుకుంటే, శివరాజ్ సారు మాత్రం సొంత ఇంటి మిద్దె మీద నుంచి ఇనుప గుండును కిందికి వదులుతూ కూర్చున్నాడు. పొద్దున చాయ తాగింది మొదలు అదే పని. గుండు పడటం, ఆయన దడదడ మెట్లు దిగి రావడం, చేతిలో గడియారం చూసుకుని పెదవి విరవడం, మళ్ళీ మిద్దెక్కడం. పక్కింటి నారమ్మ గోడ మీద నుంచి తొంగిచూసి, దవాఖానలో పొడిచిన సూదులు నెత్తికెక్కినట్టున్నాయని వీధంతా చెప్పి వచ్చింది. ఆవిడ నోరు అలాంటిది, మనమేం చేయలేం.

సూదుల మాట మాత్రం నిజమే. అంతకు ముందు ఏడాది శివరాజ్‌కు క్షయ పట్టింది. కొండమీద దవాఖానలో నెలల తరబడి పడి ఉన్నాడు. రోజూ సూదులే. కొడుకు దక్కుతాడో లేదోనని తల్లి మహాదేవమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి దగ్గు పోయింది, ఒళ్ళు వచ్చింది, ఇక భయం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. ఎండాకాలంలో వచ్చాడు, బడి తెరవగానే పనిలో చేరాడు. అందరూ సంబరపడ్డారు. భార్య సుమిత్రకే ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు.

ఎందుకంటే, ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అత్తగారు ఇంట్లో ఉండగా కోడలు మొగుణ్ణి నోరు తెరిచి పిలవకూడదు. పేరు సరే సరి, ‘ఏమండీ’ కూడా కూడదు. అన్నానికి రమ్మనాలన్నా, వాకిట్లో ఎవరో వచ్చారని చెప్పాలన్నా గుమ్మం పక్కన నిలబడి చెయ్యి ఊపాలి. గాజులు గలగలమంటాయి, ఆయన లేచి వస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇంటినిండా చుట్టాలున్న రోజున, అంతమంది ఆడవాళ్ళ గాజుల్లో సుమిత్ర గాజులు పోల్చుకుని లేచి వచ్చి, "నీ గాజుల సప్పుడు నాకు వేరేగ తెలుస్తది" అన్నాడు శివరాజ్. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల ఎన్నాళ్ళు మురిసిపోయిందో చెప్పలేను.

అట్లాంటి మనిషి దవాఖాన నుంచి వచ్చాక తల తిప్పడం మానేశాడు. సుమిత్ర గుమ్మం పక్కన నిలబడి చెయ్యి ఊపుతుంది. ఆయన పుస్తకం చదువుకుంటూనే ఉంటాడు. గట్టిగా ఊపుతుంది. ఆయన తీరుబడిగా పేజీ తిప్పుతాడు. పోనీ చెవులు మందగించాయేమో అనుకుందామంటే, పెరట్లో నుంచి తల్లి "శివా" అన్నదంటే చాలు, చటుక్కున లేస్తాడు. బొంబాయి రోడ్డు మీద లారీ హారన్ మోగితే విసుక్కుంటాడు. బడిలో చివరి బెంచీ పిల్లవాడు గొణిగినా పట్టుకుంటాడట. అందరి చప్పుడూ వినబడుతుంది, సుమిత్ర గాజులే వినబడవు. దానికి ఏం అర్థం చెప్పుకోవాలి? పైగా వచ్చిన మొదటి రోజే, "రోగమొచ్చిన మనిషిని, జర దూరముంటె నీకే మంచిది" అని పక్క ముందు గదిలో వేయించుకున్నాడు, తన కంచం, తన గ్లాసు వేరే పెట్టించుకున్నాడు. డాక్టర్లు అక్కర లేదన్నా వినలేదు.

సుమిత్ర రోషం గల మనిషి. పిలిచినా పలకని మొగుడి ముందు నిలబడి ఎందుకు పలకవని అడగటం ఆమె వల్ల కాలేదు. లోపల లోపల కుమిలింది. తన మీద మనసు విరిగిందని తీర్మానించుకుంది. న్యాల్‌కల్‌లో ఉన్న అన్న మల్లప్పకు కబురు పంపింది, పండుగ వెళ్ళాక బండి కట్టుకుని రమ్మని. మొగుడితో మాత్రం నాలుగు రోజులు అమ్మగారింటికి పోయొస్తానని చెప్పింది. నిజానికి తిరిగి రావాలని లేదు. తనంతట తాను వచ్చి పిలిస్తే తప్ప ఈ గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకుంది. వద్దంటాడేమోనని ఒక చిన్న ఆశ ఉండేది. శివరాజ్ తల వంచుకుని, "పో, మంచిదే" అన్నాడు. ఆ ఆశ కాస్తా అడుగంటింది.

అన్న వచ్చే రోజు అదే. ట్రంకు పెట్టె సర్ది తలుపు వెనక పెట్టి ఉంది. ఇంతలో శివరాజ్ వంటింటి గుమ్మం దాకా వచ్చి, "సుమిత్రా, జర సాయం జేస్తవా? ఒక్కడితోని అయితలేదు" అన్నాడు. పోయే ముందు ఏం సాయమని మనసులో అనుకుంది. కానీ ఎన్నాళ్ళకో నోరు తెరిచి అడిగాడు. చెయ్యి కడుక్కుని వచ్చింది.

సంగతేమిటంటే, సెలవులు కాగానే సంగారెడ్డిలో జిల్లా బళ్ళన్నింటికీ సైన్సు ప్రదర్శన ఉంది. పైనుంచి పడే వస్తువు ఎంతసేపట్లో పడుతుందో తప్పు లేకుండా కొలిచి చూపిస్తానని శివరాజ్ హెడ్మాస్టరుకు మాటిచ్చాడు. పడే దూరం కొలవడం ఎంత పని, టేపు పట్టుకుంటే సరి. కాలమే చిక్కు. మిద్దె మీద నుంచి గుండు కన్ను మూసి తెరిచేలోగా నేల మీద ఉంటుంది. ఆటల మాస్టారు దగ్గర అడిగి తెచ్చిన స్టాప్‌వాచీ ఉంది. దాన్ని ఎప్పుడు నొక్కాలో చెప్పేదెవరు అన్నదే అసలు ప్రశ్న.

"మొదాలు కన్నుతోని జూసిన" అని చెప్పాడు శివరాజ్. పాఠం చెప్పేటప్పుడు ఆయన ముఖంలో వెలుతురు వస్తుంది. సుమిత్ర ఆ ముఖం చూసి నెలలయింది. "గుండు చెయ్యి ఇడిసేది పైన, పడేది కింద. కన్ను రెండు తావులల్ల ఉండలేదు గద. మెడ తిప్పేలోపల్నే కాలం పోతది. ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తున్నది."

"మరి?"

"టాకీసుల మిషన్ల మాటలు పలికిచ్చే ఒక గాజుకన్ను ఉంటది. ఎలుతురు ఆగంగనే దానికి తెలుస్తది. గుండు ఎలుతురుకు అడ్డం పోతే చాలు, ఆ క్షణమే పట్టుకుంటది. గా కన్ను పెడితే తిరుగు లేదు. ఆపరేటరును అడిగిన." శివరాజ్ నవ్వాడు. "గా కన్ను మీకిస్తే నా హీరో మూగోడైతడు సార్ అన్నడు."

సుమిత్రకు కూడా నవ్వు వచ్చింది. పోయే రోజు నవ్వేమిటని వెంటనే ఆపుకుంది.

"కన్ను వద్దు, చెవే మంచిది" అన్నాడు ఆయన. గుండు దారిలో అడ్డంగా రెండు దారాలు కడతాడట, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కో దారానికి మువ్వలు. గుండు ఒరుసుకుంటూ పోతే పై మువ్వలు మోగుతాయి, గడియారం నొక్కాలి. కింది మువ్వలు మోగుతాయి, మళ్ళీ నొక్కాలి. నేల మీద పడ్డ చప్పుడు మొద్దుగా ఉంటుంది, ఎక్కడ మొదలైందో తెలియదు. మువ్వ చప్పుడు సన్నది, సూదిమొన లాంటిది. "చప్పుడు ఇన్నంక చెయ్యి ఒత్తాలంటే జర ఆలస్యమైతది. అయితే రెండుసార్లు గంతే ఆలస్యమైతది. రెండు ఒక్కతీరు ఆలస్యమైతే, ఆలస్యం లేనట్టే" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో అనిపించింది సుమిత్రకు. ఇంత బాగా చెప్పే మనిషి తనతో నెలల తరబడి ఏమీ చెప్పలేదు కదా అని కూడా అనిపించింది.

మువ్వల కోసం మహాదేవమ్మను అడిగారు. పండుగ వెళ్ళిన మరునాడే ఇదేం కర్మ అని గొణుక్కుంటూనే ఆమె సందూకు తెరిచి, కొడుకు పసితనంలో కట్టుకున్న మొలతాడు మువ్వలు తీసి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ, "వీడు పాకుతుంటె ఇల్లంత తెలుస్తుండె" అని మురిసిపోయింది. ఆ తరువాత ఏం జరుగుతుందో చూద్దామని అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

దారాలు కట్టారు. గుండు పడిన చప్పుడు అడ్డం రాకుండా కింద పొట్టు బస్తా పరిచారు. సుమిత్ర కొంగు నడుముకు చుట్టుకుని మిద్దె ఎక్కింది. శివరాజ్ కింద పీట మీద కూర్చుని, గడియారం పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"కండ్లెందుకు మూసుకున్నరు?" అంది పైనుంచి.

"కన్ను జూస్తే చెయ్యి తొందరపడ్తది. ఉత్త చెవితోనే ఇంట. ఎప్పుడు ఇడుస్తవో చెప్పకు. నువ్వు ఇడువు."

సుమిత్ర గుండు వదిలింది. పై మువ్వలు గల్లుమన్నాయి, కింది మువ్వలు గల్లుమన్నాయి, గుండు పొట్టులో మెత్తగా దిగింది. శివరాజ్ కదలలేదు. గడియారం మీద బొటనవేలు పెట్టుకుని, మిద్దె వైపు ముఖమెత్తి అలాగే కూర్చున్నాడు.

"పడ్డది" అంది సుమిత్ర.

ఆయన కళ్ళు తెరిచి బస్తాలో ఉన్న గుండును చూశాడు. "దారానికి తగల్లే అనుకుంట" అని లేచి దారాలు కాస్త ముందుకు జరిపి కట్టాడు. రెండోసారి కూడా అంతే. మువ్వలు చక్కగా మోగాయి, ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"మోగినయ్ గదా" అంది.

"ఏడ మోగినయ్?"

"మంచిగ మోగినయ్ రా" అంది మహాదేవమ్మ అరుగు మీద నుంచి. "ముసల్దాన్ని, నాకే ఇనొచ్చింది. నీ మనసు ఏడున్నదో."

శివరాజ్ అనుమానంగా మువ్వలను వేలితో తట్టి చూశాడు. తుప్పు పట్టాయేమో, లోపలి గుళ్ళు ఇరుక్కున్నాయేమో అన్నాడు. చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ కట్టి, మళ్ళీ పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

సుమిత్ర గుండు చేతిలో పట్టుకుని పైనుంచి ఆ ముఖాన్నే చూస్తోంది. తనకు తెలిసిన ముఖమే. ఒక సన్నని చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్న ముఖం. రెండుసార్లు మోగిన చప్పుడు కోసం మూడోసారి అంతే ఓపికగా కాచుకుని ఉంది. అది పట్టించుకోని మనిషి ముఖం కాదు. సుమిత్ర గుండును మిద్దె గోడ మీద పెట్టి, చప్పుడు కాకుండా మెట్లు దిగింది.

వెళ్ళి ఆయన వెనక నిలబడి చెయ్యి ఊపింది. గాజులు గలగలమన్నాయి. ఆయన తిరగలేదు. ఇంకా దగ్గరికి జరిగి, చెవి పక్కనే ఊపింది.

"ఇడువు సుమిత్రా, నేను తయారున్న" అన్నాడు శివరాజ్, కళ్ళు మూసుకుని, మిద్దె వైపు ముఖమెత్తి.

ఆమె కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. అరుగు మీద మహాదేవమ్మ చూసింది. చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇగో" అంది సుమిత్ర.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "కిందికెప్పుడొచ్చినవ్? ఎందుకు ఏడుస్తున్నవ్?"

"జూడుండ్రి" అని ఆమె ఆయన కళ్ళ ముందు చెయ్యి ఊపింది. ఆయన చూశాడు. గాజులు ఒకదానికొకటి తగలడం చూశాడు. ఆమె మణికట్టు పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు.

"ఊపు."

"ఊపుతనే ఉన్న."

శివరాజ్ ఆ చెయ్యి వదలలేదు. మాటలు వినబడుతున్నాయి. లారీలు వినబడుతున్నాయి. సన్నని చప్పుళ్ళు మాత్రమే పోయాయి, పోయినట్టు చెప్పే చప్పుడేదీ ఉండదు కదా. "గుండు మంచిగనే పడ్డది" అన్నాడు నెమ్మదిగా. "దారాలు మంచిగనే ఉన్నయ్. నేను నమ్ముకున్న చెవే మంచిగ లేదు. సూదులు పొడిచినన్ని దినాలు చెవుల గుయ్యిమంటుండె. అది తగ్గితె, అంత నయమైంది అనుకున్న. ఆ సూదులే నా చెవిని తిన్నట్టున్నయ్."

"నోరు తెరిచి పిలువు బిడ్డా ఇంక" అంది మహాదేవమ్మ కోడలితో. "నా ముందట్నే పిలువు. నా పద్ధతి పాడుగాను, నా కొడుకు చెవులు పోయిన సంగతి నాకే తెలువకపాయె."

సుమిత్ర ఏదో అనబోయేలోగా వాకిట్లో ఎడ్ల మెడ గంటల మోత, బండి ఆగిన చప్పుడు. మల్లప్ప తలగుడ్డ విప్పి దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. పొట్టు బస్తా, వేలాడే దారాలు, కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళు, చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చున్న బావ. అతనికేమీ అర్థం కాలేదు.

"పెట్టె ఏదే చెల్లె? ఎండ గాకముందే ఎల్లుదాం."

"నేను వస్తలేనన్నా."

"అదేంది. నువ్వు రమ్మంటివి, బావ రమ్మనె. ఇద్దరు రమ్మన్నరనే గద పని ఇడిసి వచ్చిన."

సుమిత్ర మొగుడి వైపు చూసి, మళ్ళీ అన్న వైపు తిరిగింది. "బావ రమ్మన్నడా?"

మల్లప్ప నాలుక కరుచుకున్నాడు. కానీ నోరు జారాక ఇంకేం దాస్తాడు. "నీకు చెప్పొద్దన్నడు. పోయిన అంగడినాడు కోహీర్‌ల కలిసిండు. మీ చెల్లె ఈడ భయం భయంగ ఉంటున్నది, తోలుకపో, ఎన్ని దినాలైనా మీ దగ్గర్నే ఉంచుకో, మళ్ళ పంపుమని నేనడుగ అన్నడు. అంటుంటె కండ్లల్ల నీళ్ళు దిరిగినయ్ పాపం."

"నాకేం భయం?" అంది సుమిత్ర మొగుడితో. అత్త ముందు, అన్న ముందు ఆయన ముఖంలోకి చూస్తూ అడగటం ఆమెకు అదే మొదలు. "ఎవరంటె భయం?"

"నా రోగమంటె" అన్నాడు శివరాజ్. "దవాఖానకెల్లి వచ్చినకాడి నుంచి నీ గాజులు ఒక్కనాడు ఇనలే. ఇయ్యాల పిలుస్తది, రేపు పిలుస్తది అని పుస్తకం పట్టుకోని గుమ్మం దిక్కు చెవి పెట్టి కూసుంటుంటి. నువ్వు పిలుస్తలేవు. దగ్గరికి రానీకె భయపడుతున్నది అనుకున్న. భయపడే మనిషిని కట్టేసి ఉంచుకునుడు నాకు మంచిగనిపియ్యలే."

"దినాం పిలిచిన" అంది సుమిత్ర. దుఃఖం పొంగి వచ్చింది. "చెయ్యి నొచ్చేదాక పిలిచిన. మీరు తిరిగి సూడకపోతిరి. నేనంటె మనసు లేదనుకున్న."

ఒకే గుమ్మానికి అటూ ఇటూ కూర్చుని ఇద్దరు మనుషులు ఇన్ని నెలలు ఒకరి కోసం ఒకరు కాచుకున్నారు. చెబితే ఎవరు నమ్ముతారు.

"అయితే నేనెందుకొచ్చినట్టు?" అన్నాడు మల్లప్ప.

"రొట్టె తిని పోదువు తియ్యి, ఎడ్లను ఇప్పు" అంది మహాదేవమ్మ. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, తనే పొయ్యి ముట్టించడానికి లోపలికి పోయింది. మల్లప్ప ఎడ్లను విప్పడానికి పోయాడు.

సుమిత్ర పీట పక్కన నేల మీద కూర్చుంది. శివరాజ్ చేతిలోని గడియారం తీసి తన చేతిలో పెట్టుకుంది. "గుండు మీరు ఇడువుండ్రి. మువ్వలు నేనింట. గిది ఒత్తుడెట్లనో నేర్పుండ్రి" అంది. ఆయన తల ఊపాడు. కానీ నేర్పలేదు. ఖాళీ చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఇంకేమేం ఇనొస్తలేవు మీకు?" అని అడిగింది మెల్లగా.

"ఇనొస్తలేనివి ఏవో నాకెట్ల ఎరుకైతది సుమిత్రా?"

అది నిజమే. ఆమె కాస్త ఆలోచించింది. తరువాత ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "అవి నేను చెప్త" అంది. "ఇప్పుడు మిద్దె గోడ మీద పిచ్చుకలు ఒర్రుతున్నయ్."

శివరాజ్ తలెత్తి చూశాడు. గోడ మీద పిచ్చుకలు వరసగా కూర్చుని ముక్కులు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"ఇంక?" అన్నాడు.

"నారమ్మ బాయికాడ గిరక కిర్రుమంటున్నది. లోపట అత్త గాజులు, పిండి పిసుకుతున్నది."

ఆయన ఇంకా వింటూ కూర్చున్నాడు, ఆమె ఒక్కొక్కటే చెబుతూ పోయింది.